నాకూ ఒక కాపీ

కరీంనగర్‌లో ఒక గ్రానైట్ కంపెనీ ఆఫీసులో నేను కంప్యూటర్ పని చూసేదాన్ని. మర్నాడు ఏ బండలు లారీకెక్కాలో యార్డు మేనేజరుకు రోజూ సాయంత్రం మెయిల్ పోవాలి. దానికోసం నేనొక స్క్రిప్టు రాసిపెట్టాను. నల్ల తెర మీద నాలుగు ముక్కలు, అంతే. టైము కాగానే మెయిల్ దానంతట అదే పోయేది.

మన చేత్తో పంపితే సెంట్ ఫోల్డర్‌లో కాపీ మిగులుతుంది. స్క్రిప్టు పంపితే ఏమీ మిగలదు, పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరంతో సమానం. అది పట్టించుకోవాల్సిన సంగతని నాకు తట్టలేదు.

ఒకసారి వేరే బండలు పోర్టుకు పోయాయి. కొన్నవాళ్లు వద్దన్నారు. మేనేజరు తాపీగా, "గా కంప్యూటర్ పిల్ల మెయిలే పంపలే సార్" అన్నాడు. ఆయన నన్ను ఎప్పుడూ పేరుపెట్టి పిలిచింది లేదు. ఓనరు చూపించమన్నాడు. సెంట్ ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. మళ్లీ ఇలా అయితే పనికి రావద్దని అందరి ముందూ చెప్పాడు. చొప్పదండిలో మా ఇల్లు నా జీతం మీదే నడిచేది. బాపుకు మగ్గం మీద కూర్చునే ఓపిక అప్పటికే పోయింది.

బస్సులో ఇంటిదాకా పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. మర్నాడు స్క్రిప్టులో ఒక లైను కలిపాను: పోయే ప్రతి మెయిల్ కాపీ నాకూ రావాలి. పనిలో పనిగా, స్క్రిప్టు మెయిల్ పంపే, ఎవరూ తెరవని అడ్రసుకు జవాబులేమైనా వస్తే అవీ నాకే వచ్చేట్టు చేశాను.

వచ్చాయి. మేనేజరు రోజూ జవాబు రాస్తున్నాడు! ఇంగ్లీషులో, పేరు లేకుండా వచ్చే మెయిల్ కదా, హెడ్డాఫీసులో ఎవరో పెద్దసారు నాతో పంపిస్తున్నాడనుకున్నాడు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఎవరికీ చెప్పలేదు. వాడితో ఇంకొక్కసారి అబద్ధం ఆడించు తల్లీ అని ఎల్లమ్మకు కోడిని మొక్కుకున్నాను. అవ్వ దేనికని అడిగితే ప్రమోషన్‌కని చెప్పాను.

ఎల్లమ్మ నా మొర విన్నది. వానలు మొదలయ్యాక మళ్లీ తప్పుడు బండలు పోయాయి, మళ్లీ అదే మాట. ఓనరు ఇద్దరినీ పిలిపించాడు. నేను కాపీ తెరిచి చూపించాను. మేనేజరు చూసి తల ఊపాడు.

"కాపీదేముంది సార్, ఎవలన్న జేస్కుంటరు. నాకైతే రాలే."

ఆ మాటకోసమే నేను కాచుక్కూర్చున్నది. ఆ మెయిల్‌కే ఆయన రాసిన జవాబు తెరిచి, తొందరేమీ లేకుండా పైకి చదివాను.

"రెస్పెక్టెడ్ సార్, మెయిల్ ముట్టింది. మీరు చెప్పినట్టే లోడ్ జేపిస్త. మీ దయ ఉండాలె."

ఓనరు ఆ సారు ఎవరని మేనేజరును అడిగాడు. మేనేజరు నావైపు చూశాడు.

"నేనే," అన్నాను. "నేను రాసిన స్క్రిప్టు."

ఆయన మొహం మాడిపోయింది. "మేడం, జర నా మాట..." అని మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో మొదటిసారి మేడం అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది, అయినా ఆగబుద్ధి కాలేదు. ఓనరు చాలన్నాడు.

నేను అంతకుముందు రోజు జవాబు తెరిచి, అదీ చదవడం మొదలుపెట్టాను.