వ్యాన్ అప్పగించిన రోజు

నాచారంలో ఇప్పుడు కాలేజీలకు పోతున్న పిల్లల్లో చాలామంది ఉమారాణి వ్యాన్‌లో బడికి వెళ్లినవాళ్లే. వాళ్లకామె వ్యానక్క. అప్పట్లో ఆడమనిషి స్టీరింగ్ పట్టుకుంటే మల్లాపూర్ చౌరస్తాలో జనం ఆగి మరీ చూసేవాళ్లు. భర్త గోపయ్య పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె డ్రైవింగ్ నేర్చుకుని, మల్కాజిగిరిలో ఉండే రిటైర్డ్ ఉద్యోగి అచ్యుతరావు దగ్గర మారుతీ వ్యాన్ లీజుకు తీసుకుంది. నెలనెలా కిరాయి. ముందు కట్టిన అడ్వాన్సు, బండి తిరిగి అప్పగించిన రోజు వాపసు.

ఎంత బాగుండేవో ఆ పొద్దుటి పూటలు. హారన్ వినబడగానే నోట్లో ఇడ్లీ ముక్కతోనే పిల్లలు పరుగెత్తుకొచ్చేవాళ్లు. టై కట్టుకోవడం రానివాడికి ఆమే కట్టేది. వానకు రోడ్డు మునిగి బండి మొరాయిస్తే, లోపల అంత్యాక్షరి మొదలయ్యేది. వెనక సీటు కోసం రోజూ కొట్లాటే. చిన్నపిల్ల హిమజ మాత్రం ముందు సీటు వదిలేది కాదు. గేరు మార్చిన ప్రతిసారీ "అక్కా, ఇప్పుడు ఎన్నోది?" అని అడిగేది.

తర్వాత బడివాళ్లు సొంత బస్సులు కొన్నారు. ఆ ఏడు పరీక్షలు ముగిసిన రోజే వ్యాన్ ఇచ్చేస్తానని ఉమారాణి కబురు చేసింది. అచ్యుతరావు మధ్యాహ్నమే బడి గేటు దగ్గరికి వచ్చి బండి చుట్టూ తిరిగాడు.

"ఏందమ్మా ఇది? సీట్లు అరిగినయ్. డోరు లూజైంది. మెట్టు కాడ రంగంత పోయింది. ఎనక సొట్ట. ఇవన్ని బాగు చేయిస్తే నీ అడ్వాన్సు దానికే సరిపోతది."

ఉమారాణి తగ్గలేదు.

"సొట్ట నాదే సార్. కాప్రా కాడ రివర్స్ తీస్తుంటే స్తంభానికి తగిలింది. దానికి పైసలు పట్టుకోండ్రి. కడమయి నేనొప్పుకోను. పిల్లల్ని తోలనీకే అని ముందుగాలనే జెప్పిన గద. కూసుంటే సీటు అరగదా?"

"మా ఇంట్ల ఉంటే బండి గిట్లయ్యేదా?"

"మీ ఇంట్ల ఉంటే కిరాయి ఎవరిస్తుండె సార్?"

అచ్యుతరావు ముఖం ఎర్రబడింది. ఆయన ఏదో అనబోయేలోపే బడి గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చి పడ్డారు.

"జర మీరు గూడ ఎక్కండ్రి సార్. వీళ్లను దింపినంక మాట్లాడుదం," అంది ఉమారాణి.

ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. తన చోటు పోయిందని హిమజ కిందే నిలబడి ఆయన వంక చూసింది. చివరికి ఆయనే ఆ పిల్లను ఒళ్లోకి తీసుకున్నాడు. బండి ఆగిన ప్రతిచోటా డోరు బర్రున జరగడం, ఒక చిన్న బూటు మెట్టుమీద పడటం, మళ్లీ డోరు మూయడం. ఒకచోట పిల్లవాడికి డోరు రాకపోతే అచ్యుతరావే దిగి లాగాడు. తర్వాతి వీధిలో ఎవరూ అడగకముందే దిగాడు. ఒక ఇంటి దగ్గర పిల్లవాడి తల్లి ఇద్దరికీ మజ్జిగ తెచ్చి, "రేపటి సంది నీ హారన్ ఇనబడది గదా ఉమా," అని కళ్లు తుడుచుకుంది.

అందరూ దిగాక వ్యాన్ ఒక్కసారిగా బోసిపోయింది. అచ్యుతరావు వెనక్కి తిరిగి ఖాళీ సీట్లు చూశాడు.

"డోరుకు ఇంత పని ఉంటదనుకోలేదమ్మా. డోరు, మెట్టు వదిలేస్తున్న. అరిగిన సీట్లు కూడ. కానీ ఎనక సీటు ఒకటి అరిగింది గాదు, కోసిన్రు. సూడు."

ఆమె వెళ్లి చూసింది. ఎవడో కంపాస్ మొనతో పొడవునా గీరాడు. ఇన్నాళ్లూ ఆమె కంటపడలేదు.

"నిజమే సార్. దానికి గూడ పట్టుకోండ్రి."

మల్కాజిగిరిలో ఆయన మిగతా అడ్వాన్సు చేతికిచ్చాడు. ఉమారాణికి తన మాట నెగ్గినందుకు సంతోషం కలగాల్సింది. కానీ తిరుగు బస్సులో కూర్చున్నాక, వెనక ఏ అల్లరీ లేక ఆమెకు ఏదో వెలితిగా తోచింది. ఇంటి స్టాపు దాటి రెండు స్టాపులు పోయాక గానీ దిగాలని గుర్తురాలేదు.

తెలంగాణ వచ్చిన ఏడు ఉమారాణి ఉప్పల్‌లో ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టింది. మొదట చేరింది ఆ మజ్జిగ ఇచ్చిన తల్లే.