అన్న చేతిలో మీటల ఫోను

ధర్మాబాద్ మోండా మార్కెట్‌లో మిర్చి హర్రాజు జరిగే రోజుల్లో మా అన్న గొంతు రోడ్డు దాకా వినిపించేది. సంచుల వరుసల మధ్య నడుస్తూ మరాఠీలో కేకవేసి ధర చెప్పేవాడు. రాష్ట్ర సరిహద్దు అవతలి తెలుగు రైతు కనిపిస్తే మధ్యలోనే తెలుగుకు మారేవాడు. ఆ గొంతులోనే పుండు లేచింది. నాందేడ్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఊపిరి కోసం మెడ కింద రంధ్రం మిగిలింది. దానిమీద వదిన పలుచటి బట్ట కట్టేది. మిర్చి ఘాటు పడదని మోండాకు వెళ్ళడం మానేశాడు.

మొదట్లో కాగితం మీద మరాఠీలో రాసి చూపించేవాడు. తర్వాత ఇచ్చిన మందులకు వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయి కలం నిలిచేది కాదు. అప్పటినుంచి అన్న తరఫున వదినే మాట్లాడసాగింది. నొప్పి ఎలా ఉందని డాక్టరు అడిగితే ఆమె చెప్పేది. ఏం తింటావని నేనడిగినా ఆమే చెప్పేది. ప్రేమతోనే చెప్పేది, చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. అయితే అడిగేవాళ్ళు అన్న ముఖం చూడటం మానేశారు.

నా కాపురం నాందేడ్‌లో. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేవారు. ఒకసారి స్టేషన్ వైపు వెళ్తూ పాత ఫోన్లు అమ్మే కొట్టులో ఒక ఫోను చూశాను. పైన టచ్ స్క్రీన్. పక్కకు తోస్తే కిందనుంచి మీటల పలక బయటికి వస్తుంది. మరునాడు ఇద్దరినీ అక్కడికి తీసుకెళ్ళాను.

ఇవి ఇప్పుడెవరూ కొనడం లేదని, అంతా టచ్‌దే నడుస్తోందని కొట్టతను హిందీలో చెప్పాడు. అయినా తీరిగ్గా చూసుకోమని స్టూలు వేశాడు. అన్న ముందు స్క్రీన్ మీదే ప్రయత్నించాడు. దానిమీద మరాఠీ అక్షరాలు వచ్చేసరికి వదిన ముఖం విప్పారింది. ఆమె నాలుగో తరగతి దాకా మరాఠీ చదివింది. కానీ వేలు ఎక్కడ తగిలిందో అన్నకే తెలియడం లేదు. ఒకటి అనుకుంటే పక్కది పడేది, చెరిపేలోపు మరొకటి పడేది. కాసేపటికి చెమటలు పట్టి ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను పలక బయటికి తోసి ఇచ్చాను. మీట నొక్కితే దిగి, మళ్ళీ పైకి వచ్చేది. చర్మానికి తెలియనిది వేలి కణుపుకు తెలిసింది కాబోలు, తల వంచి ఒక్కో మీటా నొక్కసాగాడు. మీటల మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. పదో తరగతి చదివినవాడు గనుక వెతుక్కున్నాడు. చాలాసేపటికి తెర నావైపు తిప్పాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"నన్ను అడుగుండ్రి."

ఏం రాశాడని వదిన అడిగింది. చదివి వినిపించాను. ఆమె కొంగు సరిచేసుకుని వీధివైపు చూస్తూ నిలబడింది. ఫోను తీసుకున్నాం.

మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు అక్షరాలు అప్పటికి మాలో ఎవరికీ రావు. నేను ఆ తర్వాత ఎప్పుడో నేర్చుకున్నాను. వదిన ఆ ఫోను కోసం ఇంగ్లీషు అక్షరాలు పట్టుకుంది. మధ్యాహ్నాలు అన్న పక్కన కూర్చుని, ఆయన నొక్కే మీటనూ తెరమీద పడే అక్షరాన్నీ చూస్తూ కూడబలుక్కునేది. మొదట నీళ్ళు, కిటికీ, దిండు. తర్వాత వాక్యాలు. ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా. ఇన్నాళ్ళూ తానే చెప్పడం అలవాటైందని, ఇప్పుడు ప్రతి మాటకూ అడ్డం వస్తున్నాడని నాతో చెప్పి నవ్వింది.

ఎండాకాలం చివర్లో మెడ పక్కన మళ్ళీ గడ్డ తేలింది. ఇంకో ఆపరేషన్ చేయవచ్చు గానీ గుణమిస్తుందని మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. చేయించుకుంటాడని వదిన వెంటనే అంది. అన్న ఫోను తెరిచాడు. పలక జరిగిన చప్పుడుకు డాక్టరు రాయడం ఆపి ఆయన వైపు చూశాడు. అన్న నిదానంగా నొక్కి, తెరను డాక్టరుకు కాదు, వదినకు చూపించాడు.

పైకి పలికితే తప్ప ఆమెకు చదవడం రాదు. ఒక్కో అక్షరం కలుపుకుంటూ పలికింది.

"నాకు... వద్దు. ఇంటికి... పోదాం."

చదువుతున్నంతసేపూ అదేమిటో ఆమెకు తెలియలేదు. చివరి మాట తన నోట్లోంచి వచ్చాకే తెలిసింది. ఏమంటున్నాడని డాక్టరు అడిగాడు. నేను చెప్పబోతే వదిన నా చేయి పట్టుకుని ఆపింది. ఆయనకు వద్దట అని తనే మరాఠీలో చెప్పింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగింది.

"నా కోసం గూడ వద్దా?"

అన్న చాలాసేపు రాశాడు. ఆమె పెదవులు కదిలాయి గానీ ఈసారి శబ్దం రాలేదు. చదవడం అయ్యాక ఫోను మూసి అన్న జేబులో పెట్టి, రైలుకు టైమవుతోందని లేచింది. అందులో ఏముందో నేను అడగలేదు.

అన్న చలికాలం దాకా ఉన్నాడు. చివర్లో మీట నొక్కే సత్తువ కూడా పోయింది. అప్పుడు స్క్రీన్ పనికొచ్చింది, దానికి బలం అక్కర్లేదు. వదిన మరాఠీ అక్షరాలు తెరిచి, ఆయన మణికట్టు కింద తన చేయి ఆనించేది. వేలు తప్పుచోట పడేది, చెరిపేది, మళ్ళీ పడేది. ఆయన ఏం అడగబోతున్నాడో ఆమెకు ముందే తెలిసి ఉంటుంది. అయినా ఆయన వేలు ఆగేదాకా నోరు విప్పేది కాదు. ఒక పొద్దున ఆమె జావ తెచ్చేసరికి అన్న వెళ్ళిపోయాడు.

ఏడాది మాసికం అయ్యాక వదిన నుంచి నాకు మొదటి మెసేజీ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు, మాటల మధ్య ఖాళీ లేదు. వంటింట్లో నిలబడి పైకి చదువుకున్నాను.

"జొన్నపిండి వట్టిచ్చిన. అచ్చి తీస్కపో."