కళ్ళు లేని ఇంజెరా

మా వంటింట్లో ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో తెలిసేది కాదు. పొగకి అందరి కళ్ళూ కారుతూనే ఉండేవి. మొగుడు పోయిన మర్నాడు షితాయే పనిలోకి వచ్చి సాయంత్రం దాకా ఏడ్చింది. పక్కనే నిలబడ్డ నాక్కూడా తెలియలేదు. ఆ ఒక్క సుఖం తప్ప పొగలో ఇంకే సుఖమూ లేదని తర్వాత తనే చెప్పింది.

మా అమ్హారిక్ భాషలో షితాయే అంటే 'నా పరిమళం' అని. తల్లి ముద్దుగా పెట్టుకున్న పేరు. ఆమె బస్సెక్కితే మాత్రం పక్కవాళ్ళు కిటికీ తెరిచేవాళ్ళు, ఒళ్ళంతా అంత యూకలిప్టస్ కట్టెల పొగ కంపు. "మా అమ్మ అత్తరు పూసి పంపితే వీళ్ళు పొగబెట్టారే" అని నవ్వేది.

వొల్లో కొండల్లో మా విశ్వవిద్యాలయం తెరిచిన ఏడాదే ఆమె చేరింది. పిల్లలందరికీ మూడు పూటలా తిండి అక్కడే. పొద్దున్నే పొయ్యిలు ముట్టించి, పులిసిన టెఫ్ ధాన్యం పిండిని పెద్ద మట్టి పెనాల మీద పోసి ఇంజెరా అట్లు వేసేవాళ్ళం. లారీల కొద్దీ కట్టెలు దిగేవి. ఎదురుగా ఉన్న కొండ మా కళ్ళముందే బోడిగుండయింది. పెద్ద పెద్ద చదువులు చెప్పే చోట వంట మాత్రం మా అమ్మమ్మల నాటిదే.

ఏడాదికోసారి అందర్నీ కూర్చోబెట్టి లోటుపాట్లు చెప్పించే సమావేశం ఉండేది. ఒకళ్ళు సబ్బు లేదనేవారు, ఒకళ్ళు జీతం చాలదనేవారు. షితాయే లేచిందంటే ఒకటే మాట.

"నాకేమీ వద్దు. ఆ పొగ తీసెయ్యండి."

"నిప్పంటూ ఉన్నాక పొగ రాకుండా ఉంటుందా అమ్మా?" అన్నాడొకసారి ఓ పెద్దాయన.

"మీ ఇంట్లో రావట్లేదుగా బాబూ! మీ ఆవిడ కరెంటు పొయ్యి మీదేగా వండుతోంది!"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, మంచినీళ్ళు తాగి, తర్వాతి వాళ్ళని పిలిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. షితాయేకి మాత్రం కోపం రాలేదు. మరుసటి ఏడాది మళ్ళీ లేచి అదే మాట అంది.

ఈలోగా ఆమె కళ్ళు మసకబారాయి. అది నాకొక్కదానికే తెలుసు. పెనం మీద పిండి పోయగానే ఇంజెరా ఒళ్ళంతా సన్నటి చిల్లులు పడతాయి. వాటినే మేం కళ్ళు అంటాం. కళ్ళు నిండుగా తెరుచుకున్న క్షణాన మూత పెట్టాలి. ముందు పెడితే మూసుకుపోతాయి, ఆలస్యమైతే ఎండిపోతుంది. షితాయే పిండి పోసేది, నేను పక్కనుంచి "కళ్ళొచ్చాయక్కా" అనేదాన్ని, ఆమె మూత పెట్టేది. చూసేవాళ్ళకి ఇద్దరం కబుర్లాడుకుంటున్నట్టే ఉండేది.

"డాక్టరుకి చూపించుకోవచ్చుగా అక్కా?"

"చూపిస్తే ఏమంటాడే? పొగకి దూరంగా ఉండమంటాడు. నేను మీటింగుల్లో గొంతు చించుకుంటున్నది అందుకేగా! నువ్వు నోరు మూసుకో. గుడ్డిదని తెలిస్తే గేటు దాటించేస్తారు."

చివరికి ఆమె పొగ మాట చెవిన పెట్టినవాడు హెనోక్. చదువుకునే రోజుల్లో భోజనాల వరసలో రెండోసారి నిలబడి ఆమె చేత తిట్లు తిని మరీ తిన్నవాడు. ఇంజనీరై అక్కడే మేష్టారయ్యాడు. దుబారా తగ్గించి, అడవిని కాపాడే పని అతనికి అప్పగించారు. మొదట మా వంటింటికే వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, "షితాయే అమ్మా, నువ్వడిగిందే చేస్తున్నాను" అన్నాడు. ఆమె అతని బుగ్గలు రెండూ ముద్దుపెట్టుకుంది.

కరెంటు పెనాలొస్తాయన్నాడు. కట్టెల లారీలు ఆగిపోతాయన్నాడు, కొండ మళ్ళీ పచ్చబడుతుందన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. పనికి సగం మంది చాలన్నాడు. చప్పట్లు ఆగిపోయాయి. ఒక్కొక్కళ్ళూ కొత్త పెనం మీద ఇంజెరా వేసి చూపించాలట. బాగా వేసినవాళ్ళు ఉంటారట.

పొమ్మనలేక పొగబెడతారంటారు. మావాళ్ళు పొగ తీసేసి మరీ పొమ్మన్నారు.

"ఉండాలే నేను," అంది షితాయే నా చెయ్యి పట్టుకుని. "ఒక్క ఏడాదైనా ఆ గాలి పీల్చాలి. అడిగి అడిగి తెచ్చుకున్నది కదటే."

పరీక్షప్పుడు మాట్లాడకూడదు. అందుకని నేను దగ్గుతాననీ, దగ్గు వినగానే ఆమె మూత పెట్టాలనీ అనుకున్నాం. మా బుర్రలకి తట్టిన ఉపాయం అదే.

కొత్త వంటింట్లో గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. షితాయే తలెత్తి గట్టిగా ఊపిరి పీల్చి, కడుపునిండా తిన్నట్టు నవ్వింది. మమ్మల్నందర్నీ గోడవారగా నిలబెట్టారు. ఆమె పిండి పోసింది. అంచు నుంచి నడిమికి, ఎక్కడా తెగకుండా గుండ్రంగా. ఆ చేతికి కళ్ళతో పని లేదు. మూత పట్టుకుని ఎదురుచూసింది. నేను పెనం మీంచి చూపు తిప్పలేదు. అప్పుడే అంచుల్లో కళ్ళు పొడుస్తున్నాయి.

వెనకనుంచి ఎవరో దగ్గారు.

నేను కాదు. ఎవరో ఇప్పటికీ తెలియదు. మా అందరి గుండెల్లోనూ ఉన్నది ఆ పొగే కదా! షితాయే మూత పెట్టేసింది.

తీసి చూస్తే నున్నగా, అట్ట ముక్కలా ఉంది. హెనోక్ వంగి చూశాడు.

"అమ్మా... దీనికి కళ్ళు రాలేదు."

"నన్ను పోలింది నాయనా," అని నవ్వింది.

ఎవరూ నవ్వలేదు. అతను ఆమె మొహం ముందు మెల్లగా చెయ్యి ఆడించాడు. ఆమె రెప్ప వెయ్యలేదు.

"ఇంకొకటి పొయ్యమ్మా," అన్నాడు.

"వద్దులే. అదీ దీనికి చెల్లెలే అవుతుంది."

అతను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. పొగ మీదికి నెట్టడానికి అక్కడ పొగ లేదు. నేను ఉండిపోయాను, ఆమె వెళ్ళిపోయింది. ఆ అన్యాయం ఎవరిదని తిట్టాలో ఇప్పటికీ తెలియక, రోజూ నన్ను నేనే తిట్టుకుంటాను.

మొదటి ఆదివారం కొత్త పెనం మీది ఇంజెరా ఒకటి గుడ్డలో చుట్టి ఆమె గదికి పట్టుకెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పరుచుకుని వేళ్ళతో మెల్లగా తడిమింది.

"కళ్ళు నిండుగా వచ్చాయే."

"వచ్చాయక్కా."

ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "పొగ కంపే లేదు. నిజంగానే లేదా అక్కడ?"

"బొత్తిగా లేదు."

"పోన్లే. అడిగిందే ఇచ్చారు." అంటూ శాలువా కొంగుతో కళ్ళొత్తుకుంది. ఎంత ఒత్తుకున్నా ఆగలేదు. "పాడు పొగ," అంది.

ఆ గదిలో ఆ రోజు ఇంకా పొయ్యి ముట్టించలేదు.