మావయ్యకు చెప్పిన ఆఖరి అబద్ధం

నా చిన్నప్పుడు అబద్ధాలాడటంలో మా కంచరపాలెం వీధిలో నన్ను మించినవాళ్లు లేరు. పలక పగిలితే పిల్లి తోసేసిందనేదాన్ని. బెల్లం తరిగిపోతే చీమల మీదికి నెట్టేదాన్ని. ఇంట్లో అందరూ నవ్వి ఊరుకునేవారు. అలాంటిదాన్ని ఒకే ఒక్క మధ్యాహ్నంతో ఆ అలవాటు మానేశాను. అందులో నా గొప్పేమీ లేదు, అంతా మా తాతయ్య చలవ.

మా అమ్మా నేనూ తాతయ్య ఇంట్లోనే ఉండేవాళ్లం. తాతయ్య పోర్టులో వించి నడిపేవాడు. బస్తాల మోపును ఎత్తి ఓడలోకి దించే యంత్రం అది. దాని దగ్గర కూర్చున్నవాడికి ఓడ కడుపులో ఏముందో కనబడదు, ఆ రొదలో మాటా వినబడదు. అంచున నిలబడి ఒకడు చేత్తో సైగ చేస్తాడు, ఆ చెయ్యి చూసి ఎత్తాలి, దించాలి. తాతయ్యకు సైగ చేసేది ఆయన కొడుకే, మా మావయ్య. కింద బస్తాలు సర్దే కళాసీలు పనిచేస్తుంటారు కాబట్టి ఆ చెయ్యి తప్పిందంటే ప్రాణాలు పోతాయి.

మావయ్యకు అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. చేపల పులుసులో ముళ్లు ఏరి నాకు ముక్కలు పెట్టేది ఆయనే. అంతకు ముందు ఏడాది ఆయనకు జబ్బు చేసింది. ఎవరూ లేనిచోట మనుషుల మాటలు వినబడేవి. గాలి సోకిందన్నారు వీధిలోవాళ్లు. అమ్మమ్మ తాయెత్తు కట్టించింది. ఆసుపత్రిలో పనిచేసే పక్కింటి నర్సక్క మాత్రం ఇది మెదడుకు వచ్చిన జబ్బనీ, దీనికి మందుందనీ చెప్పి తానే ఆసుపత్రికి తీసుకెళ్లింది. దాని పేరు స్కిజోఫ్రీనియా అని నాకు పెద్దయ్యాక తెలిసింది. మందులతో కుదుటపడి మళ్లీ పనిలోకి వెళ్లాడు. ఇక బాగానే ఉన్నాను కదా అని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు. ఆ జబ్బున్నవాళ్లలో చాలామంది చేసే పొరపాటే అది.

మళ్లీ మొదలైంది. మావయ్యకు నిద్ర కరువైంది. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. అమ్మమ్మ కలిపిన అన్నాన్ని వాసన చూసి పక్కకు నెట్టేసేవాడు. ఒకరోజు ఓడ మీద పైకెత్తిన చెయ్యి అలాగే ఉంచేసి, వెనక్కి తిరిగి ఎవరితోనో గొడవపడ్డాడట. తాతయ్య వించి ఆపేసి, కొడుకును ఇంటికి తీసుకొచ్చి, తానూ సెలవు పెట్టాడు. ఆసుపత్రికి వెళ్దామంటే మావయ్య ససేమిరా అన్నాడు. ఇంట్లో ఎవరు కనబడినా, గోడ అవతల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, వినబడలేదా అని అడిగేవాడు. అమ్మమ్మ ఏడ్చేది. అమ్మ, నీదంతా భ్రమ అని వాదించేది. వాదించినకొద్దీ ఆయనకు ఇంకా బెదురెక్కువయ్యేది.

ఆ మధ్యాహ్నం తాతయ్య నర్సక్కతో మాట్లాడటానికి పక్కింటికి వెళ్లాడు. నేను వసారాలో ఒక్కదాన్నే కూర్చున్నాను. మావయ్య వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఓలె గుంటా, నీకినబడతన్నాదేటి?"

ఆ మొహం ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. ఒక్కరైనా అవునంటారేమోనని చూస్తున్నాడు. నాకు జాలేసింది. నోట్లో అబద్ధం ఎప్పుడూ సిద్ధమే కదా, "ఇనబడతన్నాది మావయ్యా" అనేశాను. సంతోషిస్తాడనుకున్నాను, వెర్రిమొహాన్ని! ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. ఏమంటున్నారని అడిగాడు. అక్కడైనా ఆగానా? మనల్ని పట్టుకుపోతారట అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని లేచి పరుగందుకున్నాడు. ఆ పరుగు నన్ను కాపాడటానికేనని ఇప్పుడు తెలుస్తోంది. మా ఇంటి వెనక సందు దాటితే రైలు పట్టాలు. ఇనుపరాయి తెచ్చే గూడ్సు కూత దగ్గర్లోనే వినబడుతోంది. నేను గుక్కపెట్టి ఏడుస్తున్నాను. జనం పోగై పట్టుకోండి, కొట్టండి, కట్టెయ్యండి అని తలోమాటా అరుస్తున్నారు. వాళ్లు దగ్గరికొచ్చినకొద్దీ మావయ్య వెనక్కి వెనక్కి, పట్టాల వైపే జరుగుతున్నాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

తాతయ్య పరుగున వచ్చి జనం ముందు నిలబడి ఒక్క కేక వేశాడు. "నోర్లు ముయ్యండి! సైగకి ఒక్కడే ఉండాల!"

అంతా గప్‌చుప్. తాతయ్య మావయ్య దగ్గరికి వెళ్లలేదు. కొడుకు కంటికి ఆనేంత దూరంలో ఒక పక్కగా నిలబడి, చెయ్యి పైకెత్తి, అరచెయ్యి నేల వైపు తిప్పి మెల్లగా కిందికి దించాడు. మెల్లగా దించు అని ఓడ మీద చేసే సైగ అది. ఇన్నేళ్లూ కొడుకు చేస్తే తాను చూసిన సైగ. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. మూడోసారో నాలుగోసారో మావయ్య కళ్లు ఆ చేతి మీద నిలిచాయి. నా చెయ్యి వదిలేశాడు. ఉన్నచోటనే మట్టిలో కూలబడ్డాడు. గూడ్సు మా వెనక నుంచి ధడధడా వెళ్లిపోయింది.

తాతయ్య కూడా వెళ్లి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాడు. "నాకేటీ ఇనబడలేదురా. నీకు బయ్యమేస్తన్నాదని మాత్రం తెలుస్తన్నాది. నాను ఎక్కడికీ ఎల్లను" అన్నాడు. చాలాసేపటికి మావయ్యే లేచాడు. నర్సక్క రిక్షా పిలిచింది, ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు.

మర్నాడు తాతయ్య నన్ను కూర్చోబెట్టి, ఏం చెప్పావని అడిగాడు. ఏమీ చెప్పలేదన్నాను. ఆయన నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఏడుస్తూ నిజం కక్కేశాను. తన్నులు తప్పవనుకున్నాను, కానీ తాతయ్య చెయ్యెత్తలేదు.

"ఒకడు ఎత్తమని, ఒకడు దించమని సైగ సేత్తే నానేటి సేత్తానే? ఆడి బుర్రలో ఇప్పటికే ఇద్దరున్నారు. నువ్వెల్లి మూడోదానివైపోనావు."

అవునని వంతపాడొద్దనీ, కాదని తగువు పెట్టుకోవద్దనీ, నీకు వినబడింది వినబడినట్టు నెమ్మదిగా చెప్పమనీ అన్నాడు. అబద్ధమాడిన సంగతి మావయ్యకు కూడా నువ్వే చెప్పుకోవాలన్నాడు. అంతకంటే రెండు దెబ్బలేసినా బాగుండేది.

నెల దాటాక నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మావయ్య చెట్టు నీడన బల్ల మీద కూర్చున్నాడు. మందులకు చేతులు కాస్త వణుకుతున్నాయి, మాట నెమ్మదించింది, కానీ ఆ చూపు మా మావయ్యదే. ఆరోజు నాకేమీ వినబడలేదని చెప్పేశాను.

"అందరూ నాకే పిచ్చన్నారు. నువ్వొక్కదానివి ఇన్నావనుకున్నాను" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఆయనే నా తల నిమిరాడు. "ఇంక మీదట నానడిగితే నిజమే సెప్పాల. నానేడిసినా సరే, నిజమే సెప్పాల."

మావయ్య మళ్లీ సైగ పనికి వెళ్లలేదు. పోర్టు గోదాములో కూర్చుని చేసే పని ఇచ్చారు. మాత్రలు మానలేదు. నిద్ర తగ్గినా, చెవుల్లో దూది పెట్టుకోవాలనిపించినా తానే చెప్పాలని, అప్పుడు తాతయ్య వెంట ఆసుపత్రికి వెళ్లాలని ఒంట్లో బాగున్నప్పుడే ఒప్పందం చేసుకున్నారు. ఆ తర్వాత రెండుసార్లు తిరగబెట్టింది గానీ, ముందే పసిగట్టడం వల్ల పట్టాల దాకా పోలేదు. మందులున్నా ఎప్పుడైనా ఒక గొంతు వినబడేదట. కూర తరుగుతూనో పేపరు చదువుతూనో తలెత్తి, "ఓలె గుంటా, ఇనబడిందేటి?" అనేవాడు. "లేదు మావయ్యా" అనేదాన్ని. ఓహో అనుకుని మళ్లీ పనిలో పడేవాడు. నా పెళ్లయి నేను ఊళ్లోనే సీతమ్మధార వచ్చేశాక ఫోను చేసి మరీ అడిగేవాడు. ఒకసారి అలా అడుగుతుండగా నిజంగానే ఓడ కూసింది. వినబడిందన్నాను. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం.

ఆయన మాత్రలు వేసుకుంటూ, నా మనవల్ని ఎత్తుకుంటూ ముసలివాడై, రెండేళ్ల కిందట పోయాడు. నాకిప్పుడు కీళ్ల నొప్పులూ, నోటి దురుసూ రెండూ ఎక్కువయ్యాయి. అబద్ధం మాత్రం నోట రాదు. మధ్యాహ్నం బాల్కనీలో కూర్చున్నప్పుడు ఎప్పుడైనా గాలి ఇటు తిరిగి దూరంగా ఓడ కూత వినిపిస్తుంది. "ఇనబడింది మావయ్యా" అని పైకే అనేస్తాను. ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అని కోడలు లోపలి నుంచి కంగారుగా అడుగుతుంది. టీవీలో మాటలని అనొచ్చు, ఫోనులో మాట్లాడానని అనొచ్చు. మా మావయ్యతో అనే చెబుతాను.