బోణీ ప్లేటు

1993లో బెంగళూరు బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీ ఎదుటి వీధిమూలలో, తండ్రి తోపుడుబండి మీద వేగిన గోబీ మంచూరియా తొలి ముక్కను, నాలుక కాలుతున్నా లెక్కచేయక మింగేది ఎనిమిదేళ్ళ చెంగమ్మ. ఆ మూల తనకే దక్కాలని పోటీ బండివాడు మునిరత్నం ఒకనాడు వారి పొయ్యిని కాలితో తన్నాడు. మరుగుతున్న నూనె తండ్రి కాళ్ళపై పడి చర్మం ఊడివచ్చింది. ఆయన వేసిన కేక ఆమె బాల్యానికి భరతవాక్యం పలికింది.

పదిహేనేళ్ళ తరువాత చెంగమ్మ ఆ మూలలోనే హోటలు తెరిచింది. తొలిరోజు ఉదయమే మునిరత్నం ఇనుపకడ్డీతో వచ్చి గాజుతలుపు పగులగొట్టాడు.

"షట్టర్ దించమ్మీ! లేకుంటే మీ నాయన మాదిరి కుంటతావు."

వంటవాళ్ళు కత్తులందుకోగా చెంగమ్మ వారించింది. బోణీకి వచ్చినవాడు పగవాడైనా తినకుండా పోరాదన్నది తండ్రి పాటించిన ధర్మం.

"కూచో అన్నా. తిన్నాక కొడుదువులే."

వేడి గోబీ ముందు పెట్టింది. అతడు వెటకారంగా నవ్వి, కడ్డీ పక్కన పెట్టి కూర్చున్నాడు. నాలుగు ముక్కలు నమిలి, "మీ నాయన చేతి రుచే ఉండాది. వాని కాళ్ళ తోలు వేసినావా?" అంటూ ప్లేటును ఆమె ముఖాన కొట్టాడు. కనుబొమ చిట్లి నెత్తురు కారింది.

"బోణీ అయిపోయిందప్పా. ఇంక నువ్వు గిరాకీవి కాదు."

కాగిన నూనెలోంచి ఆమె లాగిన ఇనుప గరిటె అతని మణికట్టుపై దిగింది. ఎముక విరిగిన చప్పుడు వీధిదాకా వినిపించింది. రెండవ దెబ్బ మోకాలిపై పడింది. అతడు గాజుపెంకుల మీదుగా పాకుతూ గడప దాటాడు.

మధ్యాహ్నం గార్మెంట్స్ స్త్రీలు బారులు తీరేసరికి, చెంగమ్మ నుదుటికి గుడ్డ కట్టుకొని పొయ్యి వద్దనే నిలిచి ఉంది.