నేను వచ్చేదాకా లేవద్దు

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక జనవరిలో, మా క్లినిక్ నన్ను ఐస్ హాకీ టీముకి ఫిజియోథెరపిస్టుగా పంపింది. అంతకుముందు నాది బూన్ లే అనే పారిశ్రామిక పేటలో ఫ్యాక్టరీ కార్మికుల నడుములూ మోకాళ్లూ చూసే పని. సింగపూర్‌లో మంచు ఏమిటి, దాని మీద హాకీ ఏమిటి అని యూ టీ పేటలో మేముండే బ్లాకులో నవ్వనివాళ్లు లేరు. బయట చెమటలు కారుతుంటే నేను స్వెట్టర్ సంచిలో పెట్టుకుని రైలెక్కేదాన్ని.

ఆ ఆటలో ఫిజియో పనికి ఒక వరస ఉంటుంది. ఆటగాడు పడి లేవకపోతే రిఫరీ ఈల వేసి ఆట ఆపి, చెయ్యి ఊపి పిలుస్తాడు. బూట్లకి ముళ్ల పట్టీలు తగిలించుకుని మంచు మీదికి వెళ్లాలి. ముందు రెండు చేతులతో తల కదలకుండా పట్టుకోవాలి. హెల్మెట్ తీయకూడదు. వేళ్లు కదుపుతున్నాడా, కాళ్లలో స్పర్శ ఉందా అని చూసి, మెడ ఎముకలు ఒక్కొక్కటే తడిమి, ఆ తరువాతే లేపి కూర్చోబెట్టాలి. మా స్థాయి మ్యాచ్‌లకి డాక్టరు ఉండడు. ఆటగాణ్ని ఆపే మాట ఫిజియోదే, కోచ్ కూడా కాదనడానికి లేదు. ఇదంతా జరగాలంటే పడ్డవాడు పడ్డచోటే ఉండాలి కదా! మావాళ్లు ఉంటేనా?

దానికి కారణం మా కోచ్ డెస్మండ్. కెనడాలో ఒక చిన్న ఊరి ప్రొఫెషనల్ టీములో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయన. యాభై దాటాక కూడా ఆయన మంచు మీద తిరుగుతుంటే, ఆట ఓనమాలు తెలియని నేనే నోరెళ్లబెట్టి చూసేదాన్ని. కుర్రాళ్లకి ఆయనంటే ప్రాణం. ఫిజియో వచ్చేదాకా లేవద్దని ప్రాక్టీసుకి ముందు ప్రతిసారీ చెప్పేవాడు. వీళ్లు తలలూపేవాళ్లు, తరువాత ఫోన్లలో ఆయన పాత మ్యాచ్‌లు చూసేవాళ్లు. వాటిలో ఆయన పడడం, చటుక్కున లేవడం. ఎంత దెబ్బ తగిలినా అంతే. ఇంక నా మాట ఎవడు వింటాడు?

మా డిఫెన్స్ ఆటగాడు ఇర్ఫాన్, బ్యాంకులో పనిచేసే హైదరాబాదీ. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. ఒక మ్యాచ్‌లో అంచు గోడకి తల కొట్టుకుని పడి, నేను పట్టీలు తగిలించుకునే లోపలే లేచి ఆడేశాడు. "ఏం గాలే ఆంటీ, మంచిగనే ఉన్న" అన్నాడు. ఆట అయ్యాక చూద్దును కదా, ఎడమ చేత్తో స్కేట్ లేసులు విప్పుకుంటున్నాడు. కుడి చేతి వేళ్లతో లేసు పట్టుకోలేకపోతున్నాడు. మెడలో నరం నొక్కుకుపోయింది. ఆ మెడకి ఇంకో దెబ్బ తగిలి ఉంటే ఆ చెయ్యి అంతటితో సరి. "నీ మొహం! మీ అమ్మకి నేనేం సమాధానం చెప్పాలిరా?" అని అక్కడే తిట్టాను. ఆ సీజనంతా ఆడకూడదని ఆపేశాను. కానీ సీజన్ అయ్యాక దిగుతాడు కదా, మళ్లీ ఇలాగే లేస్తే?

ఆ కోపంలోనే కోచ్ దగ్గరికి వెళ్లి, పిల్లల మెడలు విరిగితే అది మీ పుణ్యమే అన్నాను. పాత దెబ్బల వల్ల ఆయన మెడ తిరగదు, మాట్లాడాలంటే మనిషి మొత్తం నావైపు తిరగాలి. అలా తిరిగి నెమ్మదిగా చెప్పాడు. మొదటి మ్యాచ్‌లో ఆయన పడగానే జనం లేచి చప్పట్లు కొట్టారట, అక్కడే పడుండు అని అరిచారట. తను ఒక్క క్షణం ఎక్కువ పడుకుంటే, నల్లవాళ్లకి ఈ ఆట చేతకాదని తన వెనక రాబోయేవాళ్లందరినీ గుమ్మంలోనే ఆపేస్తారని అనిపించిందట. భుజం దగ్గర ఎముక విరిగినప్పుడు కూడా లేచి నిలబడ్డాడట. ఆ మాటలు వింటుంటే నా కోపం ఎటు పోయిందో! ఒక మనిషి ఇన్నేళ్లు, ఇంతమంది కోసం, తన మెడని పణంగా పెట్టాడు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. అయినా నా పని నాది. మీరు లేచింది మీ వెనక వచ్చేవాళ్ల కోసమే కానీ, ఇప్పుడు ఈ కుర్రాళ్లు మిమ్మల్ని చూసి లేస్తున్నారు అన్నాను.

సీజన్ చివర ఒక సరదా మ్యాచ్‌లో ఆయన కూడా దిగాడు. ఇర్ఫాన్ మామూలు బట్టల్లో బెంచీ మీద ఉన్నాడు. రెండో భాగంలో అవతలివాడు వేగంగా వచ్చి ఆయన్ని గోడకేసి కొట్టాడు. ఆయన వెల్లకిలా పడ్డాడు. చటుక్కున లేస్తాడని అందరం చూస్తున్నాం. లేవలేదు. ఈల పడింది. అసలే బాగాలేని మెడ, అయిపోయింది అనుకున్నాను. ఎలా పరుగెత్తానో నాకే తెలియదు.

తల పట్టుకుని అడిగితే వేళ్లు కదిపాడు, కాళ్లు కదిపాడు. మెడలో కొత్త నొప్పి లేదన్నాడు. మరి ఎందుకు లేవలేదని అడిగాను. "మీ పని పూర్తిగా చేయండి మేడమ్, వాళ్లు చూస్తున్నారు" అన్నాడు. అప్పటికి అర్థమైంది. ప్రేక్షకుల్లోంచి ఎవడో, లేవవయ్యా ముసలాయనా అని ఇంగ్లీషులో అరిచి నవ్వాడు. ఆయన దవడ బిగుసుకుంది, గ్లోవ్‌లో పిడికిలి బిగుసుకుంది. తల మాత్రం నా చేతుల్లోనే ఉంచాడు. నేను ఎముకలన్నీ తడిమి, ఒకటికి రెండుసార్లు అడిగి, తీరుబడిగా లేపి కూర్చోబెట్టాను. దొరికింది మోచేతి మీద కమిలిన దెబ్బ ఒక్కటే. తను ఆడిన ఇన్నేళ్లలో ఇంత కష్టమైన పని చేయలేదని బయటికి వస్తూ అన్నాడు.

తరువాతి సీజన్‌లో ఇర్ఫాన్ మళ్లీ దిగాడు. ఒకరోజు గట్టిగా పడ్డాడు. నేను ఆదరాబాదరాగా వెళ్తుంటే, పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండి, "మెల్లగ రండి ఆంటీ, జారుతరు" అని అరిచాడు. దెబ్బేమీ లేదు. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొత్తగా చేరిన ఫిజియోలకి పని నేర్పేటప్పుడు తల ఎలా పట్టుకోవాలో తరువాత చూపించేదాన్ని. ముందు, ఆటగాడు మామూలుగా ఉన్నప్పుడే అడిగి తెలుసుకోమనేదాన్ని: పడ్డచోటే ఉండిపోతే ఏం పోతుందని ఈ మనిషి భయం? అది తెలియకపోతే, మనం చేరేసరికి అతను పడ్డచోట ఉండడు.