మంచు చూడని క్లాసు

మొన్న ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న కాలేజీ అమ్మాయి పరీక్షల సంగతి అడిగిన స్నేహితురాలితో తాను ‘కూల్ యాజ్ ఎ కుకుంబర్’ అంది. దోసకాయంత చల్లగా ఉందట! నవ్వు ఆపుకోలేకపోయాను, ఆ వెంటనే మా మేనత్త గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

మా మేనత్త జమ్మలమడుగులో మిషన్ బడి ఇంగ్లీషు టీచరు. ఆమె దగ్గరే ఉండి, ఆమె క్లాసులోనే చదువుకున్నాను. పుస్తకంలో ఏ ఇంగ్లీషు పోలిక వచ్చినా ముందు దాన్ని మా ఊళ్ళో వెతకాలి, దొరక్కపోతే మా ఊరి సరుకుతో ఇంగ్లీషులోనే ఇంకోటి కట్టాలి, అదీ ఆమె పద్ధతి. ఎండాకాలంలో గంపలోని దోసకాయ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది కనుక దాని బదులు కుండలో నీళ్ళు వచ్చాయి. నెమ్మదికి నత్త బదులు వేంపల్లె బస్సు. చర్చిలో ఎలుకంత పేద అన్న పోలిక దగ్గర క్లాసంతా విరగబడి నవ్వాం, కోత పండుగకు కానుకగా పోసిన జొన్నలు తిని మా చర్చి ఎలుకలు పందికొక్కుల్లా ఉండేవి మరి. తెల్లదనానికి పుస్తకం మంచు అంటే మేం ప్రొద్దుటూరు పత్తి అన్నాం.

ఆ యేడు ఆమె ఉద్యోగం పర్మనెంటు కావాలి, అది తనిఖీకి వచ్చే అధికారి మాట మీద ఉంది. ఆయన వచ్చి నన్నే లేపి ‘యాజ్ వైట్ యాజ్’ అని ఆపాడు. నేను గట్టిగా ప్రొద్దుటూరు కాటన్ అన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని, పిల్లలు పాఠం చదవడం లేదా అని అత్తను అడిగాడు. చదవడం లేదంటే తప్పు మా మీద పడి ఆమె బయటపడేది. అత్త చేతులు కట్టుకునే చెప్పింది.

“పిల్లోళ్ళు మంచు యాడ చూసినారు సార్? పత్తి చూసినారు. చూసింది చెప్పమని నేనే చెప్పినా.”

ఉద్యోగం పర్మనెంటు కాలేదు, ఉన్నదీ పోయింది. ప్రొద్దుటూరులో మా నాన్న ఇంటికొచ్చి, కువైట్‌కు పోయేవాళ్ళకు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పుకుంటూ బతికింది. బాధ లేదా అత్తా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను.

“శానా ఉంది. మళ్ళా అడిగినా అదే చెప్తా” అంది.

ఎంత మనిషి! తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇప్పటి పిల్లల ఇంగ్లీషు వింటే ముచ్చటేస్తుంది, మన నోళ్ళు ఏనాడైనా అట్లా తిరిగాయా చెప్పండి? మా మనవరాలిని తెల్లదనానికి పోలిక అడిగితే తడుముకోకుండా స్నో అంది. చూశావా ఎప్పుడైనా అన్నాను. ఎందుకు చూడాలి అవ్వా, ఆన్సర్ అదే కదా అంది. ఆ పిల్ల తప్పేం లేదు. చూశావా అని అడిగినందుకు ఇప్పుడు ఎవరి ఉద్యోగమూ పోదు, అడిగేవాళ్ళే లేరు.